డిశ్చార్జి బుక్కులో పతకం లేదా? ముందు పతకం అంచు చూడండి

మాజీ సైనికుడి డిశ్చార్జి బుక్కులో (రిటైరైనప్పుడు చేతికిచ్చే సేవా వివరాల పుస్తకంలో) రావాల్సిన పతకం నమోదు కాలేదని నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే రక్షణ మంత్రికి, కొందరైతే రాష్ట్రపతికి కూడా అర్జీలు పెట్టి ఉంటారు. పెట్టెలో ఉన్న పతకాన్ని తిప్పి దాని అంచు చూసినవారు మాత్రం అరుదు. సైన్యం జారీ చేసే పతకం అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. అంచు నున్నగా ఉంటే అది చాలావరకు యూనిఫాం మీద పెట్టుకోవడానికి దుకాణంలో కొన్న నకలే. దాన్ని సాక్ష్యంగా పంపకండి.

ఇక్కడ చెప్పేది సైన్యంలో జవాన్లు, జేసీవోల (నాయిబ్ సుబేదార్ నుంచి పైకి ఉండే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) సంగతి. నావికుల రికార్డులు ముంబైలో, వాయుసేనలో ఎయిర్‌మెన్ రికార్డులు ఢిల్లీలో ఉంటాయి. దారి దాదాపు ఇదే.

సమస్య: బుక్కులో పతకం పేరుంది, పతకం చేతికి రాలేదు

దీనికి రికార్డు దిద్దాల్సిన పనే లేదు. కోల్‌కతా టంకశాలలో తయారైన పతకాలు యూనిట్లకు చేరేసరికి ఎందరో రిటైరై ఇంటికి వచ్చేశారు. నమోదైన పతకాన్ని జారీ చేయమని రికార్డ్ ఆఫీసుకు, అంటే మీ రెజిమెంట్ లేదా కోర్ సైనికుల రికార్డులు ఉంచే ఆఫీసుకు, రాయండి. ‘రికార్డు సవరించండి’ అని రాస్తే సవరించడానికి ఏమీ లేదని జవాబు వస్తుంది. ఆ జవాబులో తప్పు కూడా లేదు.

సమస్య: పతకం ఉంది, బుక్కులో లేదు

పెళ్లి, పిల్లలు, ప్రమోషన్, పతకం, ఏదైనా సరే రికార్డుకు ఎక్కేది పార్ట్ టూ ఆర్డర్ అనే యూనిట్ ఉత్తర్వు ద్వారానే. యూనిట్ ఆ ఆర్డర్ వెలువరిస్తే రికార్డ్ ఆఫీసువాళ్లు దాన్ని చూసి షీట్ రోల్‌లో (సైనికుడి సేవా వివరాల పత్రంలో) రాస్తారు. అక్కడ లేనిది బుక్కులోకి రాదు. కాబట్టి ఆర్డర్ వెలువడలేదు, లేదా బుక్కు చేతికిచ్చిన తర్వాత వెలువడింది. ‘ఫలానా పతకానికి పార్ట్ టూ ఆర్డర్ వెలువడిందా? దాని నంబరు, తేదీ తెలపండి’ అని అడగండి. పేజీలకొద్దీ సేవాచరిత్ర రాసి ఈ ఒక్క ప్రశ్న వదిలేసిన అర్జీలు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఇదే ప్రశ్న వేయండి, 30 రోజుల్లో చెప్పాలి. అడిగేదాకా అసలు డిశ్చార్జి బుక్కును పోస్టులో పంపవద్దు, ధ్రువీకరించిన నకలు చాలు.

సమస్య: పతకమూ లేదు, నమోదూ లేదు

ముందు అర్హత తేల్చుకోండి. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, 1997 ఆగస్టు 15న ఉన్నవారికి స్వర్ణోత్సవ పతకం వచ్చాయి. 9 ఏళ్లకు, 20 ఏళ్లకు దీర్ఘసేవా పతకాలున్నాయి. వీటికి చేరిన తేదీ, వచ్చేసిన తేదీ చూస్తే చాలు. యుద్ధ పతకాలకు మాత్రం మనిషి ఎక్కడున్నాడన్నది ముఖ్యం. 1971లో తూర్పు రంగంలో ఉన్నవారికి పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్. శాంతి సేనలో శ్రీలంక వెళ్లినవారికి స్పెషల్ సర్వీస్ మెడల్, దానికి ‘శ్రీలంక’ క్లాస్ప్. క్లాస్ప్ అంటే రిబ్బను మీద ఉండే సన్నని లోహపు పట్టీ. బుక్కులో పతకం పేరు రాసి క్లాస్ప్ వదిలేయడం మామూలు. అదే పతకానికి రెండో క్లాస్ప్ వస్తే రెండో పతకం ఇవ్వరు. కాబట్టి క్లాస్ప్ నమోదు చేయమనే అడగాలి.

అసలు చిక్కు: నంబరు మారినవారు

అన్నీ సరిగ్గా రాసినా ‘మా రికార్డుల్లో ఈ పతకం లేదు’ అని జవాబు వచ్చిందంటే, నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. జవానుకు ఒక ఆర్మీ నంబరు ఉంటుంది. నాయిబ్ సుబేదార్ అయిన రోజున ‘జేసీ’తో మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది. ఒక కోర్ (సైన్యంలోని విభాగం) నుంచి మరో కోర్‌కు మారితే రికార్డ్ ఆఫీసే మారిపోతుంది. మన జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మూడోది: రిటైరైన తర్వాత డీఎస్‌సీలో, అంటే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో చేరడం. అక్కడ కొత్త నంబరు, కొత్త డిశ్చార్జి బుక్కు, కన్నూర్‌లో మరో రికార్డ్ ఆఫీసు.

ఆర్టిలరీలో పదిహేడేళ్లు చేసి, కార్గిల్ చూసి, తర్వాత డీఎస్‌సీలో చేరిన మనిషిని తీసుకోండి. ఆయన పోయాక ఇంట్లో పైన కనిపించేది రెండో బుక్కు. భార్య దాని నకలు పెట్టి, దాని మీది నంబరు రాసి ఆపరేషన్ విజయ్ పతకం గురించి అడుగుతుంది. ఆ నంబరు మీద ఆ పతకం ఎప్పుడూ నమోదు కాలేదు. డీఎస్‌సీ రికార్డ్ ఆఫీసు ‘మా దగ్గర ఆ పతకం లేదు’ అని నిజమే చెబుతుంది. ఆమె మాత్రం భర్త కార్గిల్‌లో ఉన్నట్టే సైన్యం ఒప్పుకోవడం లేదనుకుని కుమిలిపోతుంది. ఆ ఆర్డర్ నాసిక్ రోడ్డులోని ఆర్టిలరీ రికార్డ్స్‌లో, మొదటి నంబరు మీద భద్రంగా ఉండి ఉంటుంది.

అందుకే అంచు చూడమన్నాను. అంచు మీది నంబరు, అర్జీలో రాసిన నంబరు ఒకటి కాకపోతే కారణం దొరికినట్టే. చివరి అక్షరాన్ని కూడా పోల్చండి. ఆర్మీ నంబరు చివర ఉండే ఇంగ్లిషు అక్షరం అందులో భాగమే. అది వదిలేసినా, మసకబారి కనిపించక ఊహించి రాసినా వెతికేవారికి మనిషి దొరకడు.

పతకం లేకపోతే పాత నంబరు మొదటి డిశ్చార్జి బుక్కులోనో, పాత పీపీవోలోనో (పెన్షన్ మంజూరు ఉత్తర్వులోనో) ఉంటుంది. అవీ లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. మొదటిసారి రిటైరైనప్పుడు అక్కడ పేరు నమోదు చేయించుకుని ఉంటే రిజిస్టరులో దొరుకుతుంది.

తర్వాత రెండు ఆఫీసులకూ ఒకేసారి రాయకండి. ఒకరి కాగితం మరొకరికి పంపుకుంటూ కూర్చుంటారు. ముందు పాత నంబరు ఉన్న రికార్డ్ ఆఫీసుకు రాసి, ఆ పతకం పార్ట్ టూ ఆర్డర్ ధ్రువీకృత ప్రతి తెప్పించుకోండి. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏవోసీ (ఆయుధ సామగ్రి విభాగం) అయితే మన సికింద్రాబాద్. ఆ ప్రతి చేతికొచ్చాక, దాన్ని జతచేసి రెండో ఆఫీసుకు రాయండి. అర్జీ మొదటి వరుసలోనే ‘పాత నంబరు ఇది, కొత్త నంబరు ఇది, ఇద్దరూ ఒకే వ్యక్తి’ అని స్పష్టంగా ఉండాలి.

అరుదైనవి

ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటే అఫిడవిట్ సరిపోతుంది. పెన్షన్ లేకుండా వచ్చేసినవారి కాగితాలను 25 ఏళ్ల తర్వాత తీసేసే నిబంధన ఉంది. లాంగ్ రోల్ (సైనికుల ముఖ్య వివరాల రిజిస్టరు) మాత్రం ఉంచుతారు, దాని ప్రతి అడగండి. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సినవి చాలా తక్కువ.

శౌర్య పతకాల తీరు వేరు. సేనా మెడల్ భారత గెజిట్‌లో వస్తుంది, ఆ పేజీ ప్రతి ఉంటే వాదనే అక్కర్లేదు. శౌర్యానికి ఇచ్చిన సేనా మెడల్‌కు నెలనెలా భత్యం కూడా ఉంది. బుక్కులో నమోదు కాగానే అది దానంతట అదే రాదు. పీపీవో సవరణ కోసం అదే అర్జీలో విడిగా అడగండి. భర్తను పోగొట్టుకున్నవారు అర్జీకి మరణ ధ్రువపత్రం, తమ పేరున్న పీపీవో నకలు జతచేసి, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపించి, పంపినట్టు రసీదు తీసుకోండి.