బ్రోచర్‌లో గుర్రం ఉంది, వెంచర్‌లో లేదు: ప్లాటు కొన్నవాళ్లు ఏం చేయాలి?

తెల్ల కంచె, పచ్చిక, హెల్మెట్ పెట్టుకుని గుర్రమెక్కిన పాప. రేణిగుంట వైపో చంద్రగిరి వైపో సైటు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇలాంటి బొమ్మ ఉన్న బ్రోచర్ చేతిలో పెట్టి "మీ పిల్లలు రోజూ పొద్దున్నే గుర్రం ఎక్కచ్చు సార్" అని ఏజెంటు చెప్పాడు. మీరు అంకణానికి నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్లేదనుకుని కొన్నారు. ఇప్పుడు అక్కడ కంపచెట్లు, గేటుకు తాళం. లేదంటే గుర్రాలు వచ్చాయి గానీ లోపలికి వెళ్లాలంటే విడిగా మెంబర్‌షిప్ కట్టమంటున్నారు. ఈ రెండు రకాల వాళ్లకీ పనికొచ్చేలా రాస్తున్నాను.

గుర్రం సంగతి తర్వాత. ముందు ఆ గుర్రం నిలబడే నేల ఎవరి పేరు మీద ఉందో తేల్చుకోండి. మిగతా పోరాటమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మనవాళ్లు చాలామంది నేరుగా ఆఫీసుకెళ్లి "గుర్రాలెక్కడ?" అని గొడవ పడతారు, వాళ్లు "వచ్చే నెల సార్" అంటారు, ఏళ్లు అలాగే గడిచిపోతాయి.

ముందుగా కాగితాలు ఒకచోట పెట్టండి. బ్రోచర్ అసలు కాపీ, హోర్డింగ్ ఫొటో ఉంటే అది, ఏజెంటు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, వీడియోలు, మీరు మొదటి అడ్వాన్సు కట్టిన రసీదు, అగ్రిమెంటు, సేల్ డీడ్. వీటిలో రసీదు మీద తేదీ చాలా ముఖ్యం. 2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సెక్షన్ 12 ప్రకారం ప్రకటన చూసి, అందులో చెప్పింది నమ్మి డబ్బు కట్టినవాళ్లు అది అబద్ధమని తేలితే నష్టపరిహారం అడగొచ్చు, ప్రాజెక్టు నుంచి బయటికి రావాలనుకుంటే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు. అంటే ప్రకటన ముందు, మీ డబ్బు తర్వాత అని మీరు చూపించగలగాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో గుర్రపుస్వారీ పేజీ ఇంకా ఉంటే ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మీరు ఉత్తరం రాసిన మర్నాడే అది మాయం కావచ్చు.

తర్వాత లేఅవుట్ ప్లాన్. తిరుపతి చుట్టుపక్కలైతే తుడా, చిత్తూరు వైపైతే చుడా (అక్కడి పట్టణాభివృద్ధి సంస్థలు) ఆమోదించి ఉంటుంది. ప్రమోటర్, అంటే వెంచర్ వేసిన కంపెనీ, ఇచ్చిన రంగుల మ్యాపును నమ్మొద్దు, ఆమోదం పొందిన కాపీనే కావాలి. ప్రాజెక్టు రెరాలో నమోదై ఉంటే ఏపీ రెరా వెబ్‌సైట్‌లో పేరుతో వెతికితే ప్లాను, అనుమతులు కనిపించాలి. కనిపించకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో "వివరాలు ఇవ్వగలరు" అని గాలిమాట రాస్తే గాలిమాటే జవాబుగా వస్తుంది. ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) వేసి, తుది లేఅవుట్ కాపీ, విస్తీర్ణాల పట్టిక, అనుమతి షరతులు, స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్టు డీడ్ కాపీ, తర్వాత ఏదైనా సవరణ ప్లాను ఇచ్చి ఉంటే దాని కాపీ అని విడివిడిగా అడగండి.

ప్లాను చేతికొచ్చాక గుర్రాల స్థలం ఎక్కడుందో చూడండి. అది ఉమ్మడి సౌకర్యాల కింద చూపించిన స్థలంలో ఉంటే మీ చేతిలో గట్టి పట్టు ఉన్నట్టే. ఉమ్మడి ప్రాంతాలంటే ప్రాజెక్టులో ఇస్తామన్న కమ్యూనిటీ సౌకర్యాలు కూడా వస్తాయని రెరా చట్టమే చెప్తోంది, వాటిని నివాసుల సంఘానికి అప్పగించాలని సెక్షన్ 17 చెప్తోంది. అలా కాకుండా ఓపెన్ స్పేస్ మీద గుర్రం బొమ్మ వేసి ఉంటే జాగ్రత్త. లేఅవుట్‌లో వదిలే ఆ ఖాళీ జాగా, రోడ్లు గిఫ్టు డీడ్‌తో పంచాయతీకో మున్సిపాలిటీకో పోతాయి. అది ప్రజల పార్కు స్థలం. దానికి ప్రమోటర్ కంచె వేసి క్లబ్బు నడపడం కుదరదు, మీ సంఘం తాళం వేసుకోవడమూ కుదరదు. అలాంటప్పుడు "అక్కడే కట్టండి" అని పట్టుబట్టకుండా వేరే స్థలం చూపించమనో పరిహారం ఇమ్మనో అడగడమే దారి.

ఎక్కువ తిప్పలు పెట్టేది మూడో రకం. గుర్రాల స్థలం మీ లేఅవుట్ పక్కన వేరే సర్వే నంబర్లో ఉంటుంది, బ్రోచర్‌లో మాత్రం రెండూ ఒకటే అన్నట్టు గీస్తారు. ఆ సర్వే నంబరుకు ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం) తీయించండి, అడంగల్, వన్‌బీ అనే భూమి రికార్డులు ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్‌లో చూడండి. భూమి ప్రమోటర్ పేరు మీద ఉందా, ఇంకో కంపెనీ పేరు మీద ఉందా, బ్యాంకు తనఖాలో ఉందా తెలుస్తుంది. ఇంకో కంపెనీ పేరు మీద ఉంటే రేపు ఆ క్లబ్బు బయటివాళ్లకి మెంబర్‌షిప్‌లు అమ్ముకుని మిమ్మల్ని కూడా బయటివాళ్ల లెక్కలోనే చూస్తుంది. ఇక ఏ కాగితంలోనూ లేక బ్రోచర్‌లో మాత్రమే ఉన్నవాళ్లకి సెక్షన్ 12 ఒక్కటే ఆధారం, బలహీనమే గానీ వదిలేయాల్సింది కాదు.

ఇప్పుడు మీకు ఏం ఇస్తామన్నారో మాటల్లో పట్టుకోండి. ఆవరణలోకి వెళ్లి చూసే హక్కు, అక్కడి గుర్రాల మీద స్వారీ చేసే హక్కు, మీ సొంత గుర్రాన్ని అక్కడ ఉంచుకునే హక్కు, ఈ మూడూ వేరు. "గుర్రపుస్వారీ సౌకర్యం కలదు" అని ఉంటే రెండోది ఇవ్వాలని గట్టిగా వాదించొచ్చు. ఉచితం అని రాయకపోతే స్వారీకి న్యాయమైన ఫీజు కట్టాల్సి రావచ్చు, దాని మీద గొడవ పెట్టుకోకండి. కానీ ప్లాటు కొన్నవాడు లోపలికి అడుగు పెట్టడానికే లక్షల మెంబర్‌షిప్ అడిగితే, అది బ్రోచర్‌లో లేని షరతు.

ఆ తర్వాత ఉత్తరం. వాట్సాప్‌లో కాదు, స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో. భాష ఇలా సరిపోతుంది: "మీరు ఫలానా తేదీన ఇచ్చిన బ్రోచర్‌లో గుర్రపుస్వారీ మైదానం, గుర్రపుశాల ఉంటాయని ప్రకటించారు. దాన్ని నమ్మి ఫలానా తేదీన అడ్వాన్సు చెల్లించాము. ఆ స్థలం ఏ సర్వే నంబర్లో ఉంది, ఎవరి పేరున ఉంది, ఎప్పటికి పూర్తవుతుంది, ప్లాటు యజమానులు ఏ షరతుల మీద వాడుకోవచ్చు అన్నది 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయండి. ఆమోదిత ప్లాను, సౌకర్యాల పూర్తి షెడ్యూలు ప్రతులు సెక్షన్ 19 ప్రకారం ఇవ్వండి." కోపం, తిట్లు, బెదిరింపులు వద్దు. రేపు ఈ ఉత్తరాన్నే అధికారి చదువుతారు.

ఒక్కరుగా పోరాడొచ్చు, కానీ సంఘంగా వెళ్తే మాటకు బరువుంటుంది. ఎక్కువ మంది బుక్ చేసుకున్న తర్వాత 3 నెలల్లో సంఘం ఏర్పడాలని రెరా చట్టం అంటోంది, ప్రమోటర్ కదలకపోతే మీరే 2001 ఏపీ సొసైటీల చట్టం కింద నమోదు చేసుకోవచ్చు, ఏడుగురు సభ్యులు చాలు. ఇక్కడే చీలిక మొదలవుతుంది. "గుర్రాలొస్తే వాసన, ఈగలు, మెయింటెనెన్స్, మాకొద్దు" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లను శత్రువుల్లా చూడకండి, వాళ్ల మాటలోనూ నిజం ఉంది. కాకపోతే ఆ చీలికను ప్రమోటర్ వాడుకోకుండా చూసుకోవాలి.

ఎలా వాడుకుంటారంటే, ఒకరోజు ఆఫీసు కుర్రాడు ఇంటింటికీ వచ్చి "చిన్న ఎన్ఓసీ అంకుల్, సంతకం పెట్టండి" అంటాడు. ఎన్ఓసీ అంటే అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం. ఆ కాగితంలో గుర్రాల స్థలాన్ని ప్లాట్లుగా మార్చడానికి మీ సమ్మతి ఉంటుంది. సెక్షన్ 14 ప్రకారం ఆమోదించిన లేఅవుట్‌ను, ఉమ్మడి ప్రాంతాలను మార్చాలంటే కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండొంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ లెక్కలోకి ప్రమోటర్ రాడు, అమ్ముడుపోని అతని ప్లాట్లు రావు. ఒకరు తన పేరున, ఇంట్లోవాళ్ల పేరున పది ప్లాట్లు కొన్నా ఒక్క కొనుగోలుదారు కిందే లెక్క. ఈ ఒక్క విషయం కాలనీలో అందరికీ తెలిస్తే చాలా వెంచర్లలో పార్కులు, మైదానాలు మిగిలేవి. చదవకుండా ఎవరూ సంతకం పెట్టొద్దని గేటు దగ్గర నోటీసు అంటించండి, పెద్దవాళ్లకు విడిగా చెప్పండి.

జవాబు రాకపోతే, లేదా "త్వరలో" అని వస్తే, రెరాకు ఫిర్యాదు చేయండి. సెక్షన్ 31 కింద ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. సౌకర్యం కట్టి అప్పగించమని ఆదేశం కావాలంటే రెరా అథారిటీకి, నష్టపరిహారం కావాలంటే పరిహారం తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కి వెళ్లాలి, రెండింటికీ ఫారాలు వేరు. ఇది కలిపేసుకుని వాయిదాలు పోగొట్టుకోకండి. 60 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది గానీ అంతకంటే ఎక్కువ పట్టినా టెన్షన్ పడకుండా సిద్ధంగా ఉండండి. ఫిర్యాదులో సెక్షన్ 12, 14, 17, 18(3) ఏవి మీకు వర్తిస్తాయో అవే రాయండి. అన్నీ రాస్తే బలం పెరగదు.

రెరా లేని ఫామ్ ప్లాట్ల వాళ్లు, అంటే వ్యవసాయ భూమిగానే రిజిస్టరైన ముక్కలు కొన్నవాళ్లు, వినియోగదారుల కమిషన్ గురించి ఆలోచించండి. ప్లాట్లు వేసి సౌకర్యాలు కల్పిస్తామని అమ్మడం 'సేవ' కిందికే వస్తుందని మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి, అందుకే "వచ్చే నెల సార్" మాటల్ని నమ్మి కూర్చోవద్దంటున్నాను.

ఒకవేళ ప్రమోటర్ దిగొచ్చి "సరే, కట్టిస్తాం" అంటే ఏం అడగాలో మీకు ముందే తెలిసుండాలి, లేదంటే భూమిపూజ రోజు అద్దెకు తెచ్చిన గుర్రంతో ఫొటోలు దిగి పంపించేస్తారు. మామూలు స్వారీ మైదానం 20 మీటర్లకు 40 మీటర్లు, అంటే దాదాపు 950 గజాలు. లాయంలో ఒక్కో గుర్రానికి 12 అడుగులకు 12 అడుగుల గది. రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్లు, మన ఎండల్లో ఇంకా ఎక్కువే. 400 కిలోల గుర్రానికి రోజూ 6 నుంచి 8 కిలోల మేత. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, లాడాలు మార్చాలి. రోజుకు 15, 20 కిలోల పేడ వస్తుంది, అది ఎక్కడికి పోతుందో తేల్చకుండా లాయం కట్టనివ్వొద్దు. పక్కింటివాళ్ల అభ్యంతరాల్లో సగం దీని గురించే. వైద్యం విషయంలో మనం అదృష్టవంతులం, వెటర్నరీ యూనివర్సిటీ, దాని కాలేజీ తిరుపతిలోనే ఉన్నాయి. కొత్త గుర్రం లోపలికి వచ్చే ముందు గ్లాండర్స్ పరీక్ష చేయించిన ధ్రువపత్రం అడగండి. అది మనుషులకూ సోకే జబ్బు, పాజిటివ్ అని తేలితే ఆ గుర్రాన్ని బతకనివ్వరు.

ఇదంతా చూశాక మీ సంఘానికి గుర్రాలు వద్దనిపిస్తే అదీ సరైన నిర్ణయమే. అప్పుడు ఆ స్థలాన్ని మాత్రం సంఘం పేరున రాయించుకుని, లాయానికి పెట్టాల్సిన ఖర్చును కార్పస్ ఫండ్‌లో (సంఘం మూలనిధిలో) వేయించుకోండి. స్థలం వదులుకుని డబ్బు తీసుకోవద్దు.

కావాలనుకుంటే నడిపేవాడితో రాసుకునే ఒప్పందంలో ప్లాటు యజమానుల సమయం ముందు, బయటివాళ్లది తర్వాత అని ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదింటి తర్వాత ఎండలో స్వారీ ఉండకూడదు, గుర్రానికీ మంచిది కాదు, పిల్లలకీ కాదు. హెల్మెట్, శిక్షకుడు, బీమా తప్పనిసరి. ఇల్లు అద్దెకిస్తే ఆ హక్కు అద్దెకున్నవాళ్లకు వెళ్తుందా, యజమానికే ఉంటుందా రాసుకోండి, రేపు గేటు దగ్గర వచ్చే గొడవ ఇదే. ఫీజు పెంచాలంటే సంఘం ఒప్పుకోవాలి. నడిపేవాడు మధ్యలో వదిలేసి పోతే గుర్రాలను తానే తీసుకెళ్లాలి, అప్పటిదాకా మేతకు, సైసు (గుర్రాలను చూసుకునే మనిషి) జీతానికి సరిపడా కనీసం రెండు నెలల డబ్బు ముందే సంఘం దగ్గర డిపాజిట్ కట్టాలి.