హైబ్రిడ్ ఇంజను నేర్చుకుందాం – మూడో పాఠం: అంకెల్లో మన్నికను చదవడం

ముందు పోయిన పాఠంలోని లెక్క సంగతి చూద్దాం. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 75 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 84.7 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు అయితే ఇంజను ఎన్ని సీసీలు? సెంటీమీటర్లలోకి మార్చుకుంటే 7.5 × 7.5 × 0.7854 = 44.18 (0.7854 అంటే పైలో నాలుగో వంతు, బోర్‌ను సగం చేసే పని అందులోనే కలిసి ఉంది). దాన్ని 8.47తో గుణిస్తే ఒక్కో సిలిండర్‌కు 374.2 సీసీ. నాలుగింటికీ కలిపి 1,497. ఇక్కడ తప్పు వచ్చినవాళ్లు చాలావరకు బోర్‌ను సగం చేయకుండానే వృత్త వైశాల్యం సూత్రంలో వేసి ఉంటారు. ఒకసారి సరిచూసుకుని ముందుకు రండి, ఈ 374.2తో ఇవాళ మళ్లీ పని పడుతుంది.

ఆ కొలతలు టయోటా 1ఎన్‌జెడ్-ఎఫ్‌ఎక్స్‌ఈ ఇంజనువి. పెట్రోల్ ఇంజను, విద్యుత్ మోటారు కలిసి నడిపే హైబ్రిడ్ కార్లలో వాడే ఇంజను ఇది. 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన మొదటి ప్రియస్‌లో ఉన్నది ఇదే. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌లోనూ, 2011 చివర్లో వచ్చిన ఆక్వాలోనూ ఇదే. బోర్, స్ట్రోక్ మారకుండా అన్నేళ్లు నడిచింది కాబట్టి, ఏ అంకె మారితే ఏం జరుగుతుందో విడదీసి చూడటానికి ఇంతకన్నా మంచి ఇంజను దొరకదు.

స్పెసిఫికేషన్ కాగితం చేతికి రాగానే అందరి కళ్లూ పవర్ మీదికే పోతాయి. మీరు మాత్రం పవర్ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) చూడండి. 1997లో ఈ ఇంజను 43 కిలోవాట్లు ఇచ్చేది, 4000 ఆర్‌పీఎం వద్ద. 2003 నాటికి అది 57 కిలోవాట్లయింది, 5000 ఆర్‌పీఎం వద్ద. అంటే దాదాపు మూడో వంతు పెరిగింది. ఆ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చింది?

కిలోవాట్లను 9549తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే ఆ వేగం దగ్గర ఉన్న టార్క్ (ఇంజను తిప్పే బలం) న్యూటన్ మీటర్లలో వస్తుంది. మొదటిదానికి 43 × 9549 ÷ 4000 = 102.7. రెండోదానికి 57 × 9549 ÷ 5000 = 108.9. టార్క్ పెరిగింది ఆరు శాతమే. మిగతాదంతా ఇంజనును 25 శాతం వేగంగా తిప్పి రాబట్టిన పవర్. కాబట్టి "కొత్తదాంట్లో పవర్ ఎక్కువ" అని ఎవరైనా అన్నప్పుడు, ఒక్కో పేలుడు బలం పెరిగిందా, లేక నిమిషానికి పేలుళ్లు పెరిగాయా అని అడగాలి. మన్నిక విషయంలో ఈ రెండూ ఒకటి కావు.

వేగంతో వచ్చే భారాన్ని పిస్టన్ సగటు వేగంతో కొలుస్తారు. స్ట్రోక్‌ను మీటర్లలో తీసుకుని రెండుతో, ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగించండి. 4000 వద్ద సెకనుకు 11.3 మీటర్లు వస్తుంది, 5000 వద్ద 14.1. ఇదే కుటుంబంలో 1ఎన్‌జెడ్-ఎఫ్‌ఈ అనే మామూలు పెట్రోల్ ఇంజను ఉంది. బోర్, స్ట్రోక్ అవే గానీ గరిష్ఠ పవర్ 6000 ఆర్‌పీఎం వద్ద వస్తుంది. అక్కడ పిస్టన్ వేగం 16.9. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పిస్టన్ బరువు ఒకటే అనుకుంటే, 4000తో పోల్చినప్పుడు 6000 వద్ద ఆ లాగుడు 2.25 రెట్లు.

హైబ్రిడ్ ఇంజను ఎక్కువకాలం మన్నుతుందనే మాటకు తొలి ఆధారం ఇదే. అయితే ఇక్కడ కొంచెం ఆగాలి. ఇంజనును నెమ్మదిగా తిప్పుతామని ముందే తెలిసిన ఇంజినీర్లు ఆ వెసులుబాటును అలాగే వదిలేయలేదు. ఘర్షణ తగ్గించడానికి క్రాంక్‌షాఫ్ట్‌ను సన్నగా, వాల్వ్ స్ప్రింగులను మెత్తగా, పిస్టన్ రింగుల బిగువును తక్కువగా పెట్టారు. మిగిలిన బలంలో కొంత మైలేజీకి ఖర్చయింది. అందుకే పిస్టన్ వేగం తక్కువ కాబట్టి ఇంజను అరగదు అని తీర్పు ఇచ్చేస్తే తొందరపాటు అవుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా తికమక పెట్టే అంకె, కంప్రెషన్ రేషియో. పిస్టన్ కింద ఉన్నప్పటి చోటు, పైన ఉన్నప్పటి చోటుకు ఎన్ని రెట్లో చెప్పేది ఇది. మామూలు ఇంజనులో అది 10.5. రెండో తరం ప్రియస్‌లో 13. ఆక్వాలో ఇంకా ఎక్కువ, 13.4. మామూలు పెట్రోల్‌తో ఇంత కంప్రెషన్ ఉంటే ఇంజను నాక్ కొట్టాలి (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే పేలి చప్పుడు చేయాలి) కదా? కొట్టదు. ఎందుకంటే అంత నొక్కడమే జరగదు.

పిస్టన్ కిందికి వెళ్లి గాలి పీల్చుకున్నాక మళ్లీ పైకి వస్తున్నా, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వ్ కొంతసేపు తెరిచే ఉంటుంది. పీల్చిన గాలిలో కొంత వెనక్కి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి (గాలి వచ్చే గొట్టాల్లోకి) పోతుంది. వాల్వ్ మూసుకున్నాకే అసలు నొక్కడం మొదలు. మండిన వాయువు మాత్రం స్ట్రోక్ పొడవునా వ్యాకోచిస్తుంది. ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ అట్కిన్సన్ 1880లలో ఇదే ఫలితాన్ని వాల్వులతో కాకుండా వంకర లింకుల క్రాంక్‌తో సాధించాడు. అది బరువైన, గజిబిజి యంత్రం. వాల్వ్ టైమింగ్‌తో ఆ పని చేయడం తేలికైన దారి.

లెక్క చేద్దాం. ఒక సిలిండర్ 374.2 సీసీ, రేషియో 13 అయితే పిస్టన్ పైన మిగిలే ఖాళీ 374.2 ÷ 12 = 31.2 సీసీ. పీల్చిన గాలిలో మూడో వంతు వెనక్కి పోయిందనుకుందాం (ఇది ఉదాహరణ కోసమే, ఇంజను అవసరాన్ని బట్టి ఇది మారుతూ ఉంటుంది). లోపల చిక్కింది 249.5, ఖాళీతో కలిపి 280.7. దాన్ని 31.2తో భాగిస్తే 9. నొక్కింది 9 రెట్లు, వ్యాకోచించింది 13 రెట్లు. ఈ తేడాలోనే మైలేజీ ఉంది, ఎగ్జాస్ట్ తక్కువ వేడిగా బయటికి పోవడమూ ఉంది. టార్క్ తగ్గడానికి కారణమూ అదే. ఆ లోటును మోటారు పూడుస్తుంది.

మన్నికను చదవాలంటే కాగితంలో ఉన్నవాటితో పాటు లేనివాటినీ వెతకాలి. హైబ్రిడ్ ఇంజనుకు స్టార్టర్ మోటారు లేదు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ లేదు. ఆక్వాకు వచ్చేసరికి వాటర్ పంపు, ఏసీ కంప్రెసర్ రెండూ కరెంటుతో నడిచేవి కావడంతో ఇంజను ముందు బెల్టే లేదు. టైమింగ్‌కు ముందు నుంచీ చెయినే. లేని భాగం పాడవదు!

స్టార్టర్ గురించి ఒక అనుమానం తరచూ వస్తుంది. దారి పొడవునా ఇంజను ఇన్నిసార్లు ఆగి మొదలైతే అరిగిపోదా అని. మామూలు స్టార్టర్ ఇంజనును నిమిషానికి రెండు మూడు వందల చుట్లు తిప్పేసరికే పెట్రోల్ పడుతుంది. హైబ్రిడ్‌లో ఎంజీ1 అనే జనరేటర్ మోటారు ముందు సుమారు వెయ్యి ఆర్‌పీఎం దాకా లాగుతుంది, ఆ తర్వాతే ఇంధనం. అప్పటికే ఆయిల్ పంపు తిరుగుతూ ఉంటుంది. నా దృష్టిలో ఆలోచించాల్సింది వేడి ఇంజను వందసార్లు మొదలవడం గురించి కాదు, చల్లని ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ప్రయాణం ముగిసిపోవడం గురించి. పొట్టి ప్రయాణాల్లో పెట్రోల్ చుక్కలు, నీటి ఆవిరి ఇంజనాయిల్‌లో చేరి పోకుండా ఉండిపోతాయి. అలాంటి వాడకం ఉన్నవాళ్లు కిలోమీటర్లు నిండలేదు కదా అని ఆయిల్ మార్పు వాయిదా వేయకూడదు. నెలల లెక్కే పాటించాలి.

ఓడోమీటర్ కూడా ఇంజను వయసును ఉన్నదున్నట్టు చెప్పదు. లక్షా యాభై వేల కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 30 అనుకుంటే కారు నడిచింది 5000 గంటలు. అందులో ఇంజను తిరిగింది అరవై శాతం అనుకుంటే 3000 గంటలే. హైవే మీదే నడిచిన కారైతే ఇంజను విశ్రాంతి బాగా తగ్గుతుంది.

మరి ఫిర్యాదులు ఎక్కడ వస్తాయి? ఎక్కువగా ఇంజను బ్లాకు చుట్టూ, వేడిని మోసుకుపోయే చిన్న భాగాల దగ్గర. 2012 నవంబరులో టయోటా పెద్ద రీకాల్ ప్రకటించినప్పుడు అందులో రెండో తరం ప్రియస్ ఇన్వర్టర్‌ను (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టెను) చల్లబరిచే విద్యుత్ నీటి పంపు కూడా ఉంది. అరచేతిలో పట్టే పంపు అది. ఆగితే ఇంజను ఎంత బాగున్నా కారు నడవదు. పెద్ద బ్యాటరీకి గాలి పంపే ఫ్యాన్ దగ్గర దుమ్ము పేరుకోవడం ఇంకో సమస్య. రెండో తరం ప్రియస్ పెద్ద బ్యాటరీలో 7.2 వోల్టుల మాడ్యూళ్లు (చిన్న బ్యాటరీ ముక్కలు) 28 వరసగా కలిపితే 201.6 వోల్టులు. ఆక్వాలో 20 మాడ్యూళ్లు, 144 వోల్టులు. అన్నీ ఒకే వరస కాబట్టి ఒక్క మాడ్యూల్ బలహీనపడినా మొత్తం బ్యాటరీ దాని స్థాయికి దిగిపోతుంది. వేడి ఆ బలహీనతను తొందరగా తెస్తుంది. ఆ ఫ్యాన్ జాలీని శుభ్రం చేయడం ఇంట్లోనే అయ్యే పని, చేసేవాళ్లు మాత్రం తక్కువ.

ఎగ్జాస్ట్ వాయువులో కొంత చల్లార్చి మళ్లీ లోపలికి పంపే ఈజీఆర్ కూలర్ మసి పట్టి మూసుకుపోవడం 2009లో వచ్చిన మూడో తరం ప్రియస్‌లోని 1.8 లీటర్ ఇంజనులో విరివిగా కనిపించింది. దానితో పాటు హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాకుకూ పై మూతకూ మధ్య ఉండే బిగువు పొర) దెబ్బతినడమూ. కూలెంట్ కారిన జాడ లేకుండా మట్టం తగ్గుతున్నా, రాత్రంతా నిలిపిన కారు పొద్దున మొదలైన కొన్ని క్షణాలు గట్టిగా దడదడలాడినా మెకానిక్‌కు చెప్పాల్సిన లక్షణాలు అవే. ఆక్వాలోనూ ఈజీఆర్ ఉంది కనుక అక్కడా ఓ కన్నేసి ఉంచాలి. 2003 ప్రియస్‌లోని 1.5 లీటర్ ఇంజనుకు ఆ గొడవ లేదు.

ఎదురు ఆధారం కూడా చూద్దాం. 2011లో అమెరికా పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ సుమారు 3.3 లక్షల కిలోమీటర్లు తిరిగిన 2002 ప్రియస్‌ను తీసుకుని, పదేళ్ల కిందట తాము పరీక్షించిన దాదాపు కొత్త కారు ఫలితాలతో పోల్చింది. మైలేజీలో, పికప్‌లో తేడా చాలా కొద్దిగానే వచ్చింది. ఒక్క కారు ఫలితాన్ని అన్నిటికీ అంటగట్టలేం, కానీ ఇలాంటి ఇంజను అంత దూరం వెళ్లగలదని మాత్రం తేలింది.

వచ్చే పాఠానికి అభ్యాసం. 2020లో జపాన్‌లో వచ్చిన యారిస్ హైబ్రిడ్ ఇంజను కొలతలు ఇవి: మూడు సిలిండర్లు, బోర్ 80.5, స్ట్రోక్ 97.6, కంప్రెషన్ రేషియో 14, పవర్ 67 కిలోవాట్లు 5500 ఆర్‌పీఎం వద్ద. దీని సీసీ, ఆ వేగం దగ్గర టార్క్, పిస్టన్ సగటు వేగం కట్టండి. మూడో జవాబు ఇవాళ చూసిన మామూలు ఇంజను 16.9ని కూడా దాటుతుంది. లెక్క తప్పిందేమోనని కొట్టేయకండి. హైబ్రిడ్ ఇంజను నెమ్మదిగా తిరుగుతుందన్న సూత్రాన్ని ఇక్కడ ఎందుకు పక్కన పెట్టి ఉంటారో మీ ఊహ రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. ప్రియస్‌లో ఇంజనునూ మోటార్లనూ కలిపే గేర్ల గుంపులోని 30 పళ్ల సన్ గేర్ (నడిమి గేర్), 78 పళ్ల రింగ్ గేర్ (చుట్టూ ఉండే గేర్) కలిసి ఇంజను వేగాన్ని ఎలా నిర్ణయిస్తాయో నాలుగో పాఠంలో చూస్తూ ఆ వాక్యాలను పరీక్షిద్దాం.