మినియేచర్‌కి రంగు వేయడం ఎలా? ముందు ఆ రంగులో నీళ్లు కలపండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే తలా ఒక పాత్ర తీసుకుని ఆడే ఆట, ఆ పాత్రల కోసం టేబుల్ మీద పెట్టుకునే చిన్న బొమ్మలే మినియేచర్లు. ఆ టేబుళ్ల మీద నాకు ఎక్కువగా కనబడేది ముఖం లేని మంత్రగాడు. కళ్లు, ముక్కు, గడ్డంలో పాయలతో సహా కంపెనీవాళ్లు శుభ్రంగా తీర్చి పంపిస్తారు. మనవాళ్లు సీసాలో రంగు ఉన్నది ఉన్నట్టు తీసి రెండుసార్లు దట్టించి పూసేస్తారు. అంతే, ముఖం ఉండాల్సిన చోట ఒక ముద్ద మిగులుతుంది. పైగా "నాకు ఆర్ట్ రాదు బ్రో" అంటారు. ఆర్ట్ వచ్చినా రాకపోయినా ఒకటే, ఈ బొమ్మలు 28 నుంచి 32 మిల్లీమీటర్ల స్కేల్‌వి, ముక్కు ఒక మిల్లీమీటరు ఉంటే గొప్ప, దాని మీద పూత కాస్త మందమైతే ఇంకేం మిగులుతుంది చెప్పండి.

సామాను

కుంచెలు రెండు చాలు. మొన బాగా నిలిచే సైజు 1 ఒకటి, డ్రై బ్రషింగ్‌కి (దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచులకి రంగు తగిలించడానికి) పాత మేకప్ బ్రష్ ఒకటి. సన్న పనికి సన్న కుంచె అని 000 కొంటారు, కొనకండి. దాంట్లో రంగు నిలవదు, పాలెట్ (రంగు కలుపుకునే పళ్లెం) నుంచి బొమ్మ దాకా వచ్చేలోపే ఆరిపోతుంది. గీత ఎంత సన్నగా వస్తుందనేది కుంచె మొనని బట్టి ఉంటుంది, దాని లావుకీ దానికీ సంబంధం లేదు.

రంగులు మినియేచర్ల కోసం చేసినవే తీసుకోండి. వలేహో, ఆర్మీ పెయింటర్, ఏ కంపెనీదైనా పర్లేదు, కానీ డ్రాపర్ సీసాలో వచ్చేవే కొనండి, మూత తెరిచే డబ్బాలు ఎవరెన్ని చెప్పినా వద్దు. స్టేషనరీ షాపులో దొరికే క్రాఫ్ట్ అక్రిలిక్ బొమ్మ కింద నేలకి, రాళ్లకి పనికొస్తుంది, ముఖానికి మాత్రం దూరంగా ఉంచండి.

కడగడం, అతికించడం, ప్రైమర్

గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్ బ్రష్, గోరువెచ్చని నీళ్లు. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోవాలి. కత్తి వంగిపోయి వచ్చిందా? వేడినీళ్లలో కాసేపు ముంచి, సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెట్టండి, నిలుస్తుంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నగా లేచిన గీతని బ్లేడు వెనక వైపుతో గీకేయండి. ఊడిన చెయ్యి ఫెవిక్విక్‌తో అతికించి, బొమ్మని ఖాళీ మందు సీసా మూత మీద డబుల్ టేప్‌తో నిలబెట్టండి. ఇక పని అయ్యేదాకా ఆ సీసానే పట్టుకోవాలి, బొమ్మని వేళ్లతో ముట్టుకోవద్దు.

ప్రైమర్, అంటే రంగు పట్టుకునేలా ముందు వేసే పూత, మానేయొద్దు. మన కొండపల్లి బొమ్మకి కూడా ముందు సున్నం పూత పడ్డాకే రంగులు పడతాయి, ఊరికే కాదు. విజ్‌కిడ్స్ వాళ్ల నోల్జర్స్ బొమ్మలు ప్రైమర్ వేసే వస్తాయి కాబట్టి వాటికి అక్కర్లేదు. మిగతావాటికి బూడిదరంగు ప్రైమర్. నలుపు మీద వేసిన రంగులు చీకట్లో కలిసిపోతాయి, తెలుపు మీద వదిలేసిన ప్రతి సందూ కనబడుతుంది. స్ప్రే అయితే జానెడు దూరం పైనుంచి, ఒక్కచోట ఆగకుండా, పొట్టి పొట్టి విసుర్లుగా కొట్టండి. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలం స్ప్రే జోలికి పోకండి, గాలిలో తేమకి పైన గరుకు ఇసుక చల్లినట్టు ఆరుతుంది. కుంచెతో పూసే ప్రైమర్ కొనుక్కోండి.

రంగు పలచన చేయడం

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి. పైదంతా తప్పుగా చేసినా సర్దుకోవచ్చు గానీ ఇది తప్పితే బొమ్మ పోయినట్టే.

వెట్ పాలెట్, అంటే రంగు ఆరిపోకుండా అడుగున తడి ఉండే పాలెట్, ఉండి తీరాలి. మూతున్న స్వీట్ బాక్స్ అడుగున కిచెన్ టిష్యూ నాలుగు మడతలు పరిచి, పూర్తిగా తడిపి, పైన కేక్‌ల కింద వేసే బేకింగ్ పేపర్ వేస్తే అయిపోయింది. మైనం పూసిన కాగితం వద్దు, దాంట్లోంచి తడి పైకి రాదు. అన్నట్టు, ఫ్యాన్ ఆపండి. నెత్తి మీద ఫ్యాన్ ఐదులో పెట్టుకుని, ప్లాస్టిక్ పాలెట్ మీద రంగు పెట్టుకుని, ఇది ఎందుకు గడ్డకడుతోందని అడిగేవాళ్లకి నేనేం చెప్పను? నీళ్లు కూడా ఫిల్టర్ నీళ్లే వాడండి. బోరు నీళ్లు ఆరితే బకెట్‌కి తెల్లగా పట్టే ఉప్పు బొమ్మకి పట్టదా?

ఒక చుక్క రంగుకి ఒక చుక్క నీళ్లతో మొదలుపెట్టండి. అది మొదలు మాత్రమే, సీసా సీసాకీ చిక్కదనం మారుతుంది. వీడియోల్లో అందరూ పాలలా ఉండాలంటారు. ఏ పాలు? గేదె పాలా, ప్యాకెట్ పాలా? దానికన్నా బొటనవేలి గోరు నయం. గోరు మీద ఒక గీత గీయండి. గీత గీసిన చోటే నిలబడాలి, అడుగున గోరు లీలగా కనబడాలి. పక్కలకి పాకి గోరు అంచు సందులోకి జారితే నీళ్లు ఎక్కువ. గోరు అస్సలు కనబడకుండా కప్పేసి, వెంట్రుకల చారలు కూడా మిగిలితే నీళ్లు తక్కువ. మరీ ఎక్కువ నీళ్లు పోస్తే రంగుని పట్టి ఉంచే బైండర్ చెదిరిపోయి, ఆరాక ఉంగరాల్లాంటి మరకలు పడతాయి. ఇంకా పలచన కావాలంటే నీళ్ల బదులు మీడియం (రంగు లేని అక్రిలిక్ ద్రవం) కలపాలి.

సరే, రంగు కుదిరింది. కుంచెని సగం వెంట్రుకల దాకా ముంచారు. నేరుగా బొమ్మ దగ్గరికి తేకండి! మడిచిన టిష్యూకి కుంచె పొట్టని ఒక్కసారి ఆనించండి. మొనని వద్దు, పొట్టని. పలచటి రంగుతో పని చెడేవాళ్లలో ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఆనించకుండా తెస్తే బొమ్మని తాకగానే కుంచెలో ఉన్నదంతా ఒక్కసారిగా దిగి మడతల్లోకి పారుతుంది. అప్పుడు వాళ్లేం అనుకుంటారు, రంగు పలచనైపోయిందని. మళ్లీ సీసా చిక్కదనానికి పోతారు, మళ్లీ ముఖం లేని మంత్రగాడు. ఎక్కువైంది పాలెట్ మీద నీళ్లు కాదండీ, కుంచెలో నీళ్లు.

మంత్రగాడి ఎర్ర క్లోక్ (భుజాల మీంచి వేలాడే వస్త్రం) తీసుకుందాం. గీత ఎక్కడ ముగించి కుంచె ఎత్తుతారో అక్కడ రంగు కాస్త ఎక్కువ మిగులుతుంది, కాబట్టి మడత గట్టు మీద మొదలుపెట్టి లోపలి నీడ వైపు లాగి అక్కడ ఎత్తండి. మొదటి పూత అసహ్యంగా ఉంటుంది. చారలు చారలుగా, కింద బూడిదరంగు కనబడుతూ, ఇదేంట్రా బాబూ అనిపిస్తుంది. వదిలేయండి. దాని మీద చెయ్యి పెట్టకండి. సగం ఆరిన రంగు మీద మళ్లీ కుంచె పెడితే అది పొక్కులుగా లేచి వస్తుంది, ఆ పొక్కులు తర్వాత ఎన్ని పూతలేసినా దాగవు. తడి మెరుపు పూర్తిగా పోయేదాకా బెల్టుకో బూట్లకో వెళ్లండి. తర్వాత రెండో పూత. అప్పటికి మనిషి రూపం వస్తుంది. ఎరుపు, పసుపు అడుగుని కప్పే గుణం తక్కువున్న రంగులు, మూడో నాలుగో పూతలు అడుగుతాయి. ఎరుపు కింద ముందే ఇటుకరంగు, పసుపు కింద ఓకర్ (మట్టి పసుపు) వేసి పెట్టుకుంటే ఒక పూత కలిసొస్తుంది.

ఇంత తతంగం ఎందుకు, కాంట్రాస్ట్ రంగులు ఉన్నాయిగా అంటారు కొందరు. 2019లో సిటడెల్ అనే రంగుల బ్రాండ్ తెచ్చినవి, ఒక్క పూతలో నీడా వెలుగూ రెండూ వస్తాయని. తోడేలు బొచ్చుకి, గోబ్లిన్ (కథల్లోని పొట్టి రాక్షసుడి) చర్మానికి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. వెడల్పాటి క్లోక్ మీద, డాలు మీద పూయండి, మడుగులు కట్టి మరకలుగా ఆరుతుంది. త్వరగా ఇరవై గోబ్లిన్లు కావాలంటే వాడుకోండి, కానీ మీరు ఏడాది పాటు ఆడబోయే పాత్రకి వద్దు.

మిగతా పని

వాష్ అంటే బాగా పలచని ముదురు రంగు. మొత్తం పూసి, సందుల్లోకి పారనిచ్చి, ఎక్కడైనా మడుగు కడితే శుభ్రమైన తడి కుంచెతో పీల్చేయండి. పూర్తిగా ఆరాక డ్రై బ్రష్: మేకప్ బ్రష్‌కి లేత రంగు అంటించి, ఇక ఏమీ లేదనిపించేదాకా గుడ్డకి తుడిచి, అప్పుడు గడ్డం మీద, కవచం అంచుల మీద తేలిగ్గా ఆడించండి.

కళ్లు వేయొద్దు. టేబుల్ అవతల కూర్చున్నవాళ్లకి కనబడవు, వేస్తే మటుకు మీ యోధుడు దెయ్యాన్ని చూసినట్టు గుడ్లు మిటకరిస్తూ ఉంటాడు. కనుగుంటలో ముదురు గోధుమరంగు వాష్ చాలు.

ఆఖరుగా మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్, అదీ కుంచెతోనే. తేమ ఉన్న రోజు స్ప్రే కొడితే తెల్లగా మంచు పట్టినట్టు అయిపోతుంది. బేస్ (బొమ్మ నిలబడే పీట) మీద ఫెవికాల్ రాసి ఇసుక అంటించి రంగేసుకోండి, బేస్ అంచు మాత్రం నలుపే, ఆకుపచ్చ అంచులు నాకు చూపించొద్దు. ఒక రాత్రి ఆరనిచ్చి మర్నాడు ఆటకి తీసుకెళ్లండి, టేబుల్ మీద జరిపేటప్పుడు బేస్ పట్టుకునే జరపమని అందరికీ ముందే చెప్పండి. కత్తి పట్టుకుని ఎత్తేవాడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు.