నాటక సమాజంలో కొత్తవారిని మనవారిగా చేసుకోవడం ఎలా?

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజంలో కుటుంబమే సమాజం. అక్కడి పిల్లలు తెర వెనుకే పెరిగి పసితనంలోనే రంగస్థలం ఎక్కుతారు. ఉద్యోగాలు ముగించుకొని సాయంత్రం ఏ బడి గదిలోనో కలుసుకొనే మనవంటి చిన్న సమాజాలకు ఆ బంధుత్వం పుట్టుకతో రాదు కనుక, దానిని శ్రద్ధగా ఏర్పరచుకోవాలి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సమాజాన్ని నమోదు చేయించడానికి ఏడుగురు చాలు. ఎనిమిదో మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడు అసలు బాధ్యత మొదలవుతుంది.

వచ్చినవారికి వేషం ఉన్నా లేకపోయినా, ప్రదర్శన నాటి వరకు పూర్తిగా వారిదే అయిన పనిని మొదటి రోజే అప్పగించండి. “చూస్తూ ఉండండి, తరువాత చెబుతాం” అని మూలన కుర్చీ వేసి కూర్చోబెడితే నాలుగో రోజు వారు రారు. నా అనుభవంలో ఇందుకు అన్నింటికంటె తగినది ప్రాంప్టింగ్, అంటే మాట మరిచిన నటుడికి స్క్రిప్టు చూసి మాట అందించడం. ఒకసారి కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగినికి స్క్రిప్టు చేతికిచ్చాము. మొదటి వారం ఎవరు ఆగినా ఆమె వెంటనే మాట అందించేవారు. మూడో వారానికల్లా, మరిచిపోయి ఆగిన నటుడి చూపు నేల మీదికి జారుతుందని, భావం కోసం ఆగినవారి చూపు ఎదుటి పాత్రను వదలదని కనిపెట్టి, మార్జిన్లలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నారు. సందేహం వస్తే దర్శకుడు కూడా ఆమెనే అడిగేవారు.

మనసులు నొచ్చుకొనేది ఎక్కువగా పాత్రల పంపిణీ దగ్గరే. అందరి ముందు పేర్లు చదవడానికి ముందే, పాత్ర దక్కనివారితో దర్శకుడు విడిగా కూర్చొని కారణం చెప్పాలి. నాటక పరిషత్తులు నడిపే పోటీలకు వెళ్లే నాటికలో పాత్రకు సరిపోయినవారినే తీసుకోవడం న్యాయం. సొంత ఊరి ప్రదర్శనల్లో మాత్రం ప్రధాన పాత్రలు చేతులు మారాలని నా గట్టి అభిప్రాయం.

హాలు అద్దె, మేకప్, లైట్లు, ప్రయాణాల లెక్కను నెలకొకసారి అందరి ఎదుట చదవండి. బహుమతి సొమ్ము ఎవరికి ఎంతన్నది పోటీకి బయలుదేరక ముందే తేల్చుకోండి. బస్సు ఛార్జీలకు ఇబ్బంది పడేవారికి ఆ మొత్తాన్ని ఎవరికీ తెలియకుండా ఇవ్వండి. రిహార్సల్ రాత్రి తొమ్మిదికి ముగించి, మహిళలు ఇల్లు చేరే ఏర్పాటును ముందే చూడండి, వారి ఇంట్లోవారిని ఒక సాయంత్రం రిహార్సల్‌కు ఆహ్వానించండి.

ప్రదర్శన ముగిశాక తెర లాగినవారిని, దుస్తులు ఇస్త్రీ చేసినవారిని వేదిక మీదికి పిలిచి, నటీనటుల పేర్లతో పాటే వారి పేర్లూ చెప్పండి. సెట్టు సామాను వ్యానులోకి ఎక్కించేటప్పుడు కథానాయకుడు కూడా ఒక చెయ్యి వేయాలి.

బదిలీపై ఊరు విడిచినవారి పేర్లను సభ్యుల జాబితా నుంచి తీసివేయకండి. కందుకూరి వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16న, తెలుగు నాటకరంగ దినోత్సవం నాడు, వారినీ పిలిచి పాత నాటకం ఒకటి అందరూ కూర్చొని చదవండి. తమ పాత్ర మాటలను వారు చాలావరకు స్క్రిప్టు చూడకుండానే చెబుతారు.