హైరూల్ వారియర్స్‌లో సేనాపతి ఓ పట్టాన చావకపోతే

వేసవి సెలవులకి అమలాపురం వచ్చిన మా మేనల్లుడు నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్‌లో హైరూల్ వారియర్స్ అనే యుద్ధాల వీడియో గేమ్ ఆడుతూ, "మావయ్యా, ఎంత కొట్టినా వీడు చావట్లేదు" అన్నాడు. చూస్తే ఆపకుండా బటన్లు నొక్కేస్తున్నాడు. మామూలు సైనికులకి అది సరిపోతుంది, ఒక్క ఊపుకి పదిమంది ఎగిరిపోతారు. సేనాపతుల దగ్గర మాత్రం పనిచేయదు.

ముందు టార్గెట్ లాక్ చేయండి, అంటే చూపు ఆ సేనాపతి మీదే నిలిచేలా పెట్టుకోండి. వాడు పెద్ద దెబ్బ వేయబోతుంటే పక్కకి తప్పుకోండి. ఆ దెబ్బ అయిపోయాక వాడి దగ్గర కాసేపు వీక్ పాయింట్ గేజ్ (వాడి బలహీనతని చూపించే మీటరు) కనిపిస్తుంది. కొట్టాల్సింది అప్పుడే. మాయమయ్యేలోపు దాన్ని పూర్తిగా ఖాళీ చేస్తే మీ పాత్ర తనంతట తానే ఒక భారీ దెబ్బ వేస్తుంది, వాడి లైఫ్ బాగా తగ్గిపోతుంది. మా కాలవ గట్టు మీద విసురు వల పట్టుకున్నవాళ్లు నీళ్లు కదిలేదాకా ఆగుతారు చూడండి, అచ్చం అలాగే ఆగాలి. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది ఈ ఆగడమే.

పెద్ద రాక్షసులకి ఆయుధం కూడా సరైనది కావాలి. కింగ్ డొడాంగో నిప్పు ఊదబోతూ నోరు తెరిస్తే అందులోకి బాంబు విసరాలి. గోమాకైతే కంట్లోకి బాణం. గేజ్ ఆ తర్వాతే బయటపడుతుంది.

ఇంకోటి, ఈ ఆటకి 2018లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌లో చాలా యుద్ధాల్లో మధ్యలోనే పాత్ర మార్చుకోవచ్చు. ఒకర్ని ముందే కోట దగ్గరికి పంపించి ఉంచండి, పరుగెత్తే పని తప్పుతుంది.