పంచకోణ క్రతువు: రిచువల్ మ్యాజిక్ సాధనకు తొలి మెట్టు

రిచువల్ మ్యాజిక్, అంటే క్రతువుల ద్వారా చేసే మంత్రసాధన, నేర్చుకోవాలని అనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది ఏ కత్తి కొనాలి, ఏ ధూపం వెయ్యాలి, ఏ రంగు వస్త్రం కట్టుకోవాలి అని. ఇవేవీ లేకపోయినా ఫరవాలేదు. తలుపు వేసుకోగలిగిన ఒక గది, కుడిచేతి చూపుడువేలు, ఒక నోటుపుస్తకం ఉంటే మొదటి మూడు నెలల సాధనకు సరిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఇక్కడ ఒకే ఒక్క క్రతువును, మొదటి అడుగు నుంచి చివరి వరకు, చేసి చూడదగినంత వివరంగా చెబుతాను. దాని పేరు లెసర్ బానిషింగ్ రిచువల్ ఆఫ్ ది పెంటాగ్రామ్. పరిసరాన్నీ మనసునూ శుభ్రం చేసి, నాలుగు దిక్కులకూ నడుమ మనిషిని నిలబెట్టే పంచకోణ క్రతువు అది.

ఈ క్రతువు హెర్మెటిక్ ఆర్డర్ ఆఫ్ ది గోల్డెన్ డాన్ అనే సంఘానిది. విలియం విన్ వెస్ట్‌కాట్, మెక్‌గ్రెగర్ మాథర్స్, విలియం రాబర్ట్ వుడ్‌మన్ కలిసి 1888లో లండన్‌లో దాన్ని స్థాపించారు. టాగోర్ గీతాంజలి ఆంగ్లప్రతికి ముందుమాట రాసిన కవి యేట్స్ 1890లో అందులో చేరాడు. కొత్తగా చేరినవారికి సంఘం మొట్టమొదట అప్పగించిన సాధన ఇదే. చాలాకాలం రహస్యంగా ఉన్న ఆ సంఘపు పాఠాలను ఇజ్రాయెల్ రెగార్డీ 1937 నుంచి 1940 వరకు నాలుగు సంపుటాలుగా అచ్చు వేయించడంతో ఇది అందరికీ అందింది. మన దేశంతో ఈ సంఘానికి నిజమైన సంబంధం ఒకటి ఉంది. చెన్నైలోని అడయారు కేంద్రంగా పనిచేసిన థియోసాఫికల్ సొసైటీ (దివ్యజ్ఞాన సమాజం) వర్గాల రచనల నుంచి పంచభూతాల తత్త్వ చిహ్నాలను, అంటే పృథ్వికి పసుపు చతురస్రం, జలానికి వెండి నెలవంక, అగ్నికి ఎర్ర త్రికోణం వంటివాటిని, గోల్డెన్ డాన్ వారు తీసుకుని ధ్యానానికి వాడుకున్నారు. అయితే పంచకోణ క్రతువుకు మూలం అది కాదు. ఇది పూర్తిగా యూదుల గూఢ తత్త్వవిద్య అయిన హీబ్రూ కబాలా మీద, ఐరోపా మంత్రగ్రంథాల మీద నిలబడింది కనుక దాన్ని దాని భాషలోనే చేయాలి.

సిద్ధాంతం గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే అది తెలియకుండా చేసేవారు నెలలోపే విసిగిపోతారు. సంకల్పానికి అనుగుణంగా మార్పు తెచ్చే శాస్త్రమూ, కళా కలిసినదే మ్యాజిక్ అని ఆంగ్ల మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ నిర్వచించాడు. ఆ మార్పు మొదట జరగవలసింది మనిషి చైతన్యంలోనేనని తరువాతి తరపు సాధకురాలు డయన్ ఫార్చ్యూన్ దాన్ని సరిదిద్దింది. నాకు ఈ రెండవ మాటే సరైనదనిపిస్తుంది. శరీరపు కదలిక, గొంతు, ఊపిరి, కంటికి కట్టినట్టు ఊహించిన రూపం, ఈ నాలుగూ ఒకే క్షణంలో ఒకే అర్థం మీద నిలిచినప్పుడు, రోజంతా చెల్లాచెదురుగా తిరిగే మనసు ఒక చోటికి వస్తుంది. క్రతువు చేసే పని అదే. వాన కురిపిస్తుందనీ జబ్బు నయం చేస్తుందనీ నేను చెప్పను. అటువంటి రుజువేదీ నేను చూడలేదు.

ప్రతిరోజూ ఒకే వేళకు చేయండి. స్నానం చేసి, కడుపు నిండా తినకముందు చేయడం మంచిది. ఫోను గది బయట పెట్టండి. దీపం పెట్టుకోవాలనుకుంటే తెరలకు, దుస్తుల అంచులకు తగలని ఎత్తులో పెట్టండి, ఎందుకంటే ఈ క్రతువులో చేయి చాచి నాలుగు దిక్కులకూ తిరగవలసి ఉంటుంది. గదిలో తూర్పు ఎటో ముందే చూసుకుని, అటు తిరిగి నిలబడి, నాలుగైదు దీర్ఘశ్వాసలు తీసుకోండి.

మొదటి భాగాన్ని కబాలిస్టిక్ క్రాస్ అంటారు. తల పైన తెల్లని కాంతిగోళం ఒకటి వెలుగుతున్నదని భావించి, వేలితో ఆ కాంతిని కిందికి దించుతూ నుదుటిని తాకి "అతా" అనాలి. నీవే అని దాని అర్థం. కాంతి పాదాల దాకా దిగిందని భావిస్తూ చేతిని రొమ్ము మీదుగా కిందికి తెచ్చి "మల్కూత్" అనాలి, అంటే రాజ్యం. కుడి భుజాన్ని తాకి "వె గెబూరా", అంటే బలము. ఎడమ భుజాన్ని తాకి "వె గెదూలా", అంటే మహిమ. రెండు చేతులూ రొమ్ము మీద జోడించి "లె ఓలాం, ఆమెన్", అంటే నిరంతరము. చర్చికి వెళ్లే తెలుగువారు దీన్ని వెంటనే పోల్చుకుంటారు. పరలోక ప్రార్థన చివర వచ్చే రాజ్యము, బలము, మహిమ అన్న మాటలే ఇక్కడ హీబ్రూలో, మనిషి శరీరం మీద, నిలువుగా అడ్డంగా పరిచి ఉన్నాయి.

రెండవ భాగం పంచకోణాలు గీయడం, అసలు శ్రమ అంతా ఇక్కడే. తూర్పు ముఖంగా ఒక అడుగు ముందుకు వేసి, చేయి బాగా చాచి, గాలిలో మీ ఒంటి కొలతతోనే నక్షత్రాన్ని గీయాలి. ఎడమ తుంటికి ఎదురుగా మొదలుపెట్టి నుదుటి ఎత్తుకు ఒక గీత. అక్కడి నుంచి కుడి తుంటి ఎదుటికి. అక్కడి నుంచి ఎడమ భుజం ఎదుటికి. అడ్డంగా కుడి భుజానికి. చివరగా మొదలుపెట్టిన ఎడమ తుంటి దగ్గరికి. ఆ చివరి బిందువు మొదటి బిందువును సరిగ్గా కలవాలి. కొత్తవారిలో నూటికి తొంభై మంది అక్కడ జానెడు దూరం వదిలేస్తారు. గీత వెనకే నీలి మంట రంగు వెలుగు నిలిచిపోయినట్టు చూడాలి. నక్షత్రం పూర్తయ్యాక ముక్కుతో నిండుగా ఊపిరి పీల్చి, వేలిని దాని నడుమకు పొడిచి, "యోద్ హే వావ్ హే" అని, అంటే హీబ్రూలో దేవుడి పేరులోని నాలుగు అక్షరాలను, ఉచ్చరించాలి. వేలు కిందికి దించకుండా, భుజం ఎత్తులోనే ఉంచి, తెల్లని గీత ఒకటి లాగుతున్నట్టు దక్షిణానికి తిరిగి, అక్కడ నక్షత్రం గీసి "అదోనాయ్" (ప్రభువు), పడమట "ఎహెయె" (నేనున్నాను), ఉత్తరాన "ఆగ్లా" అనాలి. తిరిగి తూర్పుకు వచ్చి తెల్లని గీతను మొదటి నక్షత్రపు నడిబొడ్డున కలిపితే వలయం పూర్తవుతుంది. తిరిగే దిశ మనం గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే దిశే కనుక మనకు అలవాటు పడడం తేలిక.

ఉచ్చారణ అంటే అరవడం కాదు, గొణగడం కాదు. ఓంకారాన్ని సాగదీసి పలికేటప్పుడు పక్కటెముకల్లో సన్నటి అదురు తెలుస్తుంది కదా, పేరు పలికిన ప్రతిసారీ ఆ అదురు రావాలి. పక్కగదిలో నిద్రపోయేవారు ఉంటే గొంతు తగ్గించండి కానీ అదురు తగ్గించకండి. ఆగ్లా అన్నది ఒక పదం కాదు. "అతా గిబోర్ లె ఓలాం అదోనాయ్", అంటే ప్రభూ, నీవు నిరంతరం బలవంతుడవు అన్న వాక్యంలోని మొదటి అక్షరాల కూర్పు. మొదట్లో నాకు ఆ పేరు దగ్గర గొంతు ఎప్పుడూ పీలగా వచ్చేది. అర్థం తెలిసిన తరువాతే అది నిలబడింది. అందుకని ప్రతి పేరు అర్థమూ ముందే నేర్చుకోమంటాను.

మూడవ భాగంలో గది నడుమ తూర్పు ముఖంగా నిలబడి, రెండు చేతులూ శిలువలా చాచి, నలుగురు ప్రధాన దేవదూతలను తలచుకోవాలి. ముందు రఫాయేల్, పసుపు వస్త్రంతో, గాలికి అధిపతిగా. వెనక గాబ్రియేల్, నీలి వస్త్రంతో, నీటికి. కుడి పక్క మిఖాయేల్, ఎర్రని వస్త్రంతో, నిప్పుకు. ఎడమ పక్క ఔరియేల్, మట్టి రంగులతో, భూమికి. ముఖాలు స్పష్టంగా కనిపించాలని పట్టుబట్టకండి. ముందు నుంచి గాలి, కుడి పక్క నుంచి సెగ, వెనక నుంచి తేమ, ఎడమ పక్క నుంచి భూమి బరువు తెలిస్తే చాలు. ఆపైన చుట్టూ నక్షత్రాలు మండుతున్నాయనీ, నడి స్తంభంలో షట్కోణం వెలుగుతున్నదనీ చెప్పుకుని, మొదటి భాగాన్ని మళ్లీ చేసి ముగించాలి. అలవాటైన తరువాత మొత్తం పది నిమిషాల లోపే అవుతుంది.

మనవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. వాస్తు తెలిసినవారికి అగ్ని అనగానే ఆగ్నేయం, వాయువు అనగానే వాయవ్యం గుర్తుకు వస్తాయి. పడమటి వరుణుడు ఒక్కడే రెండు సంప్రదాయాలకూ కుదురుతాడు. మిగిలినవాటిని కుదిర్చే ప్రయత్నంలో దిక్కులు మార్చి, దూతల స్థానంలో దిక్పాలకులను నిలిపితే రెండింటిలో ఏదీ పనిచేయదు, ఎందుకంటే పేరు, దిక్కు, రంగు, భూతతత్త్వం ఒకదానికొకటి ముడిపడి ఉండడమే ఈ క్రతువుకు బలం. మన సంప్రదాయంలో సాధన చేయాలనుకుంటే దాన్ని దాని గురువు దగ్గరే నేర్చుకోవాలి.

క్రతువు ముగిసిన వెంటనే, ఫోను ముట్టుకోకముందే, నోటుపుస్తకంలో రాయండి. తేదీ, వేళ, ఎంతసేపు నిద్రపోయారు, శరీరం ఎలా ఉంది, ఏ దిక్కున మనసు జారింది, ఇవి తప్పనిసరి. ఉదాహరణకు ఒక పుట ఇలా ఉండవచ్చు: "ఉదయం 5:40. నిద్ర ఐదు గంటలు. కొంచెం జలుబు. తూర్పు, దక్షిణం బాగున్నాయి. పడమట నక్షత్రం గీస్తుండగా ఆఫీసు మెయిలు గుర్తొచ్చి గీత తెగింది, మళ్లీ గీశాను. ముగిశాక అరచేతులు వెచ్చగా ఉన్నాయి." అద్భుతంగా ఉంది, ప్రశాంతంగా ఉంది వంటి మాటలు రాయకండి, వాటి వల్ల రెండు నెలల తరువాత తెలిసేది ఏమీ ఉండదు.

మంత్రగత్తెల సాధనగా నేడు పేరుపడిన వికాలో కూడా చట్రం చాలావరకు ఇదే. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ వికాను బహిరంగంగా ప్రచారం చేశాడు. వికా రూపంలో ప్రాచీన మతం అవిచ్ఛిన్నంగా బతికి వచ్చిందన్న వాదనను చరిత్రకారులు ఇప్పుడు అంగీకరించరు. వికా ఇరవయ్యో శతాబ్దపు సృష్టి, అందువల్ల దాని విలువ తగ్గదు. అక్కడ నల్ల పిడి కత్తితో వలయం గీసి, నాలుగు దిక్కులనూ పిలిచి, దేవిని, దేవుడిని ఆవాహన చేస్తారు. ఎవరికీ హాని కలగనంతవరకే ఇష్టప్రకారం చేయమన్నది వారి నియమం. ఏడాదికి ఎనిమిది పండుగలు బ్రిటన్ ఋతువులను అనుసరించి వస్తాయి కనుక ఆస్ట్రేలియాలోని సాధకులు చాలామంది వాటిని ఆరు నెలలు తిప్పి జరుపుకుంటారు. మెల్బోర్న్‌లో ఉన్న తెలుగువారు వికా వైపు వెళితే ఇది గమనించాలి.

ఇక ఒక విషయం సూటిగా చెప్పాలి. చేతబడి, బాణామతి అన్న అనుమానంతో మన పల్లెల్లో నిస్సహాయులైన మనుషులను కొట్టి చంపిన ఘటనలు జరిగాయి. ఈ సాధన నేర్చుకున్నవారు ఎవరి మీదా అటువంటి నింద వేయకూడదు, ఎవరి కష్టానికీ ఎవరి చూపో కారణమని చెప్పకూడదు, ప్రయోగం తీసేస్తానని డబ్బు తీసుకోకూడదు. అలా అడిగేవాడు గురువు కాడు. మీకు నిద్ర పట్టకపోయినా, లేని గొంతులు వినిపించినా, భయం పెరుగుతున్నా క్రతువు ఆపి డాక్టరును కలవండి. సాధన ఎక్కడికీ పోదు.

మూడు నెలలు నిండాక ఒక ఆదివారం నోటుపుస్తకాన్ని మొదటి పుట నుంచి చదువుతూ, మనసు జారిన దిక్కు పక్కన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. గుర్తులన్నీ ఒకే దిక్కున పోగుపడితే ఆ దిక్కు పేరును, రంగును, దూతను విడిగా రోజుకు ఐదు నిమిషాలు ధ్యానించి, మరో నెల ఇదే క్రతువును కొనసాగించండి. అన్ని దిక్కులా సమానంగా పలచబడితే గాలి, నీరు, నిప్పు, భూమి అనే భూతతత్త్వాలను పిలిచే తరువాతి క్రతువులకు వెళ్లవచ్చు.