కొబ్బరిచెట్టు మీంచి పడ్డ మడమలు: ఆర్థో పీజీ థీసిస్ పని ఎలా నడపాలి

గోదావరి డెల్టాలో ఆర్థో (ఎముకల వైద్యం) పీజీ చేసేవాళ్లకి థీసిస్ టాపిక్ కోసం ఎక్కడో వెతకాల్సిన పని లేదు. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, ఏలూరు, ఎక్కడ చదువుతున్నా కొబ్బరి దింపులో జారిపడి మడమ ఎముక చితికినవాళ్లు తగులుతూనే ఉంటారు. సీనియర్ థీసిస్‌లో ఇంప్లాంట్ పేరు మార్చి సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) పెట్టడం కన్నా ఇది మేలు.

అయితే ముందు లెక్క చూసుకోవాలి. గత రెండేళ్ల ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టరుతో పాటు క్యాజువాలిటీ రిజిస్టరూ తిరగేయండి. ఓటీ రిజిస్టరు ఒక్కటే చూస్తే ఆపరేషన్ లేకుండా స్లాబ్ (సగం పిండికట్టు) వేసి పంపిన కేసులు కనబడవు. ఇక శాంపిల్ సైజు: ఫలితం బాగాలేనివాళ్లు 20 శాతం ఉంటారనుకుని, 10 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటే 4 × 20 × 80 ÷ (10 × 10), అంటే 64 మంది. ఐదో వంతు మంది మధ్యలో మానేస్తారనుకుంటే 64ని 0.8తో భాగించి 80 తీసుకోవాలి. చాలామంది 64కి 20 శాతం కలిపి 77 రాస్తారు, అది తప్పు. రిజిస్టరులో ఏడాదికి 30 కేసులే కనబడితే ప్రశ్ననే మార్చండి: ఆపరేషన్‌కి ముందూ తర్వాతా బోలర్ కోణం (మడమ ఎముక ఎంత అణిగిందో ఎక్స్‌రేలో చెప్పే కోణం) ఎంత మారిందన్నది తక్కువ మందితోనూ తేలుతుంది.

ఆ కోణం కొలవడంలోనే ఎక్కువ థీసిస్‌లు పాడవుతాయి. మామూలుగా 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాల్సిన కోణం ఇది. ఎక్స్‌రే సరైన లాటరల్ (పక్క నుంచి తీసినది) కాకపోయినా, వ్యూబాక్స్ మీది ఫిల్మును ఫోనుతో ఏటవాలుగా ఫొటో తీసినా కోణం మారిపోతుంది. రేడియాలజీ నుంచి డైకామ్ ఫైలే (అసలు డిజిటల్ ఎక్స్‌రే) తీసుకుని కంప్యూటర్‌లో కొలవండి. పేరు, తేదీ కనబడకుండా ఇద్దరు విడివిడిగా కొలవాలి. ఒకరు రెండు వారాలాగి మళ్లీ కొలవాలి. ఆ కొలతలు ఎంత కలిశాయో చూడ్డానికి కోణాల్లాంటి అంకెలకైతే ఐసీసీ, సీటీలో చూసే శాండర్స్ టైపుకి (మడమ విరుగుడు రకం) అయితే కప్పా అనే లెక్క వాడాలి. ఈ రెండూ తారుమారు చేస్తే వైవాలో దొరికిపోతారు.

ఎత్తు నుంచి పడ్డవాళ్లకి రెండు మడమలూ పోవడం ఉంటుంది. అలాంటప్పుడు రెండు పాదాల్ని ఇద్దరు రోగులుగా లెక్కేయకూడదు, ఎందుకంటే శరీరం ఒకటే, బరువు ఒకటే, గాయం మానే తీరూ ఒకటే. ఒక పాదాన్నే తీసుకుంటామని ప్రోటోకాల్‌లోనే రాసిపెట్టండి. అలా పడ్డప్పుడు నడుముకీ దెబ్బ తగలొచ్చు కాబట్టి నడుము వెన్నెముక పరీక్ష, ఎక్స్‌రే కూడా ప్రొఫార్మాలో (రోగి వివరాలు నింపే ఫారంలో) ఉండాలి. అది థీసిస్ కోసం కాదు, రోగి కోసం.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క కేసు కూడా చేర్చకండి. రెండు పద్ధతుల్ని పోల్చే ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చడం కన్నా ముందే సీటీఆర్‌ఐలో (దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు కావాలి. సమ్మతి పత్రం గ్రాంథికంలో కాక, దింపు కార్మికుడికి అర్థమయ్యే తెలుగులో రాయండి. చదువురాని రోగి వేలిముద్ర వేస్తే, స్టడీతో సంబంధం లేని సాక్షి సంతకం తప్పనిసరి.

రోగులు మళ్లీ రావడం అన్నిటికన్నా కష్టం. 6 వారాలు, 12 వారాలు, 6 నెలలు అని కాగితం మీద రాయడం తేలికే. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి పొంగితే లంక గ్రామాల వాళ్లు రేవు దాటలేరు. అందుకే ప్రతి గడువుకీ రెండు వారాల వెసులుబాటు ముందే రాసుకోండి. రోగి ఫోను నంబరుతో పాటు ఇంట్లోవాళ్లవి రెండు తీసుకోండి, రోగి నంబరు తరచూ మారిపోతుంది. ఆసుపత్రికి రాలేకపోతే ఫోనులో నొప్పి, నడక స్కోరు తీసుకోవచ్చు. కీలు కదలిక మాత్రం గోనియోమీటరుతో (కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలిచే పరికరం) ఎదురుగా కొలవాల్సిందే.

డిస్ట్రిక్ట్ రెసిడెన్సీకి (పీజీలో భాగంగా జిల్లా ఆసుపత్రిలో పనిచేయడం) మూడు నెలలు బయటికి వెళ్లే ముందు థీసిస్ రోగుల రిజిస్టరు జూనియర్ పీజీకి అప్పగించి, ఆ మూడు నెలల్లో గడువు పడే పేర్లు తేదీలతో సహా విడిగా రాసివ్వండి.